గోడకు రెండో వైపు

నిప్పును కనుగొన్న రోజును చరిత్రకారులు అవసరానికి మించి కీర్తించారు. నాగరికతకు అసలైన జన్మదినం, మానవుడు గోడకు తొలి మేకు దిగవేసిన రోజు. నిప్పు ఆరిపోతుంది, మేకు నిలుస్తుంది. దానికి అతడు తన తలగుడ్డను, తన దేవుణ్ణి, తన తాతగారి చిత్రపటాన్ని, చివరికి తన గీజరును కూడా తగిలిస్తాడు. ఏ బరువును ఏ గోడ మోస్తుందన్న వివేకం మాత్రం మేకుతో పాటు రాదు. దాన్ని విడిగా సంపాదించుకోవాలి. పలాస బజారులో అది దొరకదు.

మంగళవారం మధ్యాహ్నం, ఉద్దానం తీరాన దిబ్బలపేట అనే మత్స్యకారుల పేటలో, ఒక స్నానాలగదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని డిటెక్టివ్ భాను ఈ మహావిషయాన్నే చింతిస్తోంది. ఆమె ఒకప్పుడు టెక్కలిలో పాలిటెక్నిక్ విద్యార్థులకు గోడలు ఎలా నిలబడతాయో బోధించింది. వాళ్ళెవరూ వినలేదని నిస్సంశయంగా తేలాక, మనుషులు ఎలా కూలిపోతారో పరిశోధించే వృత్తిలోకి మారింది. పలాసలో జీడిపప్పు డబ్బాల దుకాణం మీద ఆమె కార్యాలయం. అక్కడికి ఇంతవరకు వచ్చిన కేసులన్నీ పెళ్ళి సంబంధాల వాకబులే. హత్య రావడం ఇదే మొదలు.

హత్య అని పోలీసులు అంటున్నారు. ఆదివారం వేకువన గున్నయ్య ఈ గదిలో కాళ్ళు కడుక్కుంటుండగా, నీళ్ళతో నిండిన పాతిక లీటర్ల గీజరు గోడ నుంచి ఊడి అతని తల మీద పడింది. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. ఇప్పుడు ఆ గీజరు మూలన పక్కకు ఒరిగి, పదవి ఊడిన మంత్రిలా, పైపులు వేలాడేసుకుని పడి ఉంది.

ఇల్లు ఇద్దరు అన్నదమ్ములది. కప్పు ఒకటే, మధ్యగోడ ఒకటే. గోడకు ఇటు అన్న గున్నయ్య స్నానాలగది; అటు తమ్ముడు అప్పన్న వలలు, తాళ్ళు దాచుకునే కొట్టు. ఆ గోడ లైట్‌వెయిట్ బ్లాకులతో కట్టింది. రెండేళ్ళ క్రితం వాటిని అమ్మవచ్చినవాడు ఒక బ్లాకును నీళ్ళ తొట్టెలో వేసి చూపించాడు. అది తేలింది. తేలేదాన్ని తప్ప మరి దేన్నీ నమ్మని పేట యావత్తూ ఆ క్షణమే దానికి దాసోహమంది. ఇల్లు ఎందుకు తేలాలని ఒక్కరూ అడగలేదు.

అలాంటి గోడకు బరువు వేలాడదీయడం ఒక శాస్త్రం. మామూలు ఇటుకలో బిగుసుకునే బోల్టు దీనిలో రొట్టెలో గుచ్చిన పుల్లలా కదులుతుంది. అందుకే గీజరు అమ్మిన దుకాణం మనుషులు గోడను ఈ వైపు నుంచి ఆ వైపు దాకా తొలిచి, నాలుగు పొడుగాటి బోల్టులు దూర్చి, అవతల చదరపు ఇనుప బిళ్ళలు వేసి, వాటి మీద నట్లు బిగించి వెళ్ళారు. గోడను రెండు వైపులా పట్టుకుని ఉంచేవి ఆ నట్లే. ఆదివారం పోలీసులు వచ్చేసరికి బోల్టులు గీజరుతో పాటు ఊడివచ్చి నేల మీద ఉన్నాయి. నట్లు లేవు.

అవతలి వైపు అప్పన్నది. కనుక సోమవారం సాయంత్రం అప్పన్న అరెస్టయ్యాడు.

గుమ్మంలో ఎస్సై తిరుమల గడియారం చూసుకున్నాడు. మర్యాదస్తుడు, తొందరను కూడా మర్యాదగానే ప్రకటిస్తాడు.

"మేడమ్, నాలుగున్నరకి జీపు కదలాలి. ఇవాళే కోర్టులో హాజరుపరచాలి. మీరడిగారని ఇక్కడికి తీసుకొచ్చాను గానీ, నాకూ పైన ఆఫీసర్లున్నారు."

"రేపు బుధవారం," అంది భాను. "బుధవారం, శనివారం అతనికి పలాసలో డయాలసిస్. రిమాండైతే రేపటి మాటేమిటి?"

"జైలువాళ్ళు చూసుకుంటారు. కాగితాలు వెళ్ళాలి, అనుమతులు రావాలి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది."

అరుగు మీద కూర్చున్న ధనలక్ష్మి ఆ మాట విని తలెత్తింది. అప్పన్న భార్య ఆమె. భానును పిలిపించింది ఆమే. "అటూ ఇటూ అయితే ఆ మనిషి ఉండడండి," అంది మెల్లగా. "కిందటేడు తుపాను రోజుల్లో ఒక్క బుధవారం తప్పింది. ఊపిరి ఆడక కళ్ళు తేలేసినాడు. ఆ రోజు నాను సూసినాను. మీరు సూడనేదు."

ఎస్సై మర్యాదగా చూపును జీపు వైపు తిప్పుకున్నాడు. మర్యాదస్తులకు ఆ సౌకర్యం ఉంది.

భాను అప్పన్న వైపు తిరిగింది. అతడు కానిస్టేబుల్ పక్కన, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఉబ్బిన మొహం. సూదులు గుచ్చే ఎడమచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"మీరూ మీ అన్నయ్యా మాట్లాడుకుని ఎన్నాళ్ళయింది?"

"కిందటేడు వేట బందు కాడ్నుంచీ నేదమ్మా. బోటు ఇంజిను కాడ తేడా వొచ్చింది."

"తిట్టాడా?"

"నేదు. అదే బాద. తిట్టినా బాగుణ్ణు."

"ఆదివారం వేకువన ఎక్కడున్నారు?"

"మంచం మీద. శనారం మిషను ఎక్కొచ్చినాక ఆదివారం నాను పీనుగుతో సమానం. పక్క మీంచి లెగలేను."

"లేవలేకపోయాడని చెప్పేది కూడా అతనొక్కడే," అంది వెనకనుంచి ఒక గొంతు.

అవినాష్ కొట్టులోంచి వచ్చాడు. గీజరు అమ్మిన దుకాణం తన పరువు కాపాడుకోవడానికి విశాఖపట్నం నుంచి ప్రత్యేకంగా రప్పించిన ప్రైవేటు పరిశోధకుడాయన. ఇంజనీరు. ఈ ఉప్పుగాలిలో కూడా ఆయన చొక్కా ఇస్త్రీ చెదరలేదు. అభిప్రాయాల సంగతి చెప్పనవసరం లేదు.

"భానుగారూ, బిగింపులో లోపం లేదు. మీరూ ఇంజనీరింగు చెప్పినవారు, ఒప్పుకోండి."

"ఒప్పుకున్నాను. ఈ గోడకు అంతకంటే మంచి పద్ధతి లేదు."

అంత తేలిగ్గా లభించిన విజయం ఆయనను కొంత ఇబ్బంది పెట్టింది. "అయితే మిగిలింది తేలికే. ఆదివారం అయిదింటికి అన్న స్నానాలగదిలోకి వెళ్ళిన చప్పుడు తమ్ముడికి గోడ అవతల వినిపించింది. నట్లు విప్పాడు. బోల్టుల మీద ఒక్క తోపు. పెళ్ళాం పక్కగదిలో నిద్ర. పానా కొట్టులోనే ఉంది, నేను చూశాను. బిళ్ళలు కూడా అక్కడే ఉన్నాయి, దాచిపెట్టి."

"దాచిపెట్టి ఉన్నాయా, సర్దిపెట్టి ఉన్నాయా?"

"రెండింటికీ తేడా ఏమిటి?"

"ఉరిశిక్షకు సరిపడేంత. పదండి చూద్దాం."

కొట్టులో చేపల వాసన, తాళ్ళ వాసన. మధ్యగోడకు నాలుగు రంధ్రాలు, నాలుగు కళ్ళలా. బోల్టుల చివరలకు అప్పన్న ఎప్పుడూ తాళ్ళ చుట్ట ఒకటి తగిలించేవాడట. అది ఇప్పుడు నేల మీద పడి ఉంది. చెక్కబల్ల మీద, ఖాళీ డబ్బా పక్కన, నాలుగు ఇనుప బిళ్ళలు. ఒకదాని మీద ఒకటి, మూలకు మూల కలిపి, దేవుడి ముందు అప్పాలు పేర్చినట్టు ఉన్నాయి.

"పోలీసులు ముట్టుకోకముందు కూడా ఇలాగే ఉన్నాయా?"

"ఇలాగే," అన్నాడు ఎస్సై.

"వేకువన, చీకట్లో, అన్న తల మీదికి గీజరు తోసినవాడు, ఆ వెంటనే బిళ్ళల మూలలు కలిపి పేర్చాడన్నమాట."

"కొందరు హంతకులకు శుభ్రత ఎక్కువ," అన్నాడు అవినాష్.

భాను స్నానాలగది నేల మీది బోల్టులలో ఒకదాన్ని తెప్పించింది. మర చుట్లు ఉన్న చివరను ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తరువాత దాన్ని గౌరవపురస్సరంగా అవినాష్‌కు అందించింది. ఆయన వాసన చూశాడు.

"కొబ్బరినూనె."

"బిగుసుకుపోయిన నట్టును నూనె వేసి, నానబెట్టి, మర చెడకుండా తిప్పారు. చంపదలచినవాడికి నట్టు మీద ఇంత ప్రేమ ఉండదు అవినాష్‌గారూ. వాడికి కావలసింది గీజరు పడటం. ఈ మనిషికి కావలసింది నట్టు."

"నట్టు ఎవరికి కావాలి?"

"అది తరువాత. ముందు ఎప్పుడన్నది తేల్చుకుందాం. మీ లెక్కలో నట్టు తీసిన క్షణమే గీజరు పడుతుంది."

"పడుతుంది. నీళ్ళతో కలిపి ముప్పై అయిదు కిలోలకు తగ్గదు."

"పడదు."

ఆ ఒక్క మాటను ఆమె న్యాయమూర్తి తీర్పు చదివినట్టు అంది. అవినాష్ నవ్వాడు. ఎస్సై గడియారం మళ్ళీ చూసుకున్నాడు, నాలుగు కావస్తోంది.

భాను టార్చి వెలిగించి ఒక రంధ్రంలోకి చూపించింది. "గుండ్రంగా తొలిచిన రంధ్రం ఇది. ఇప్పుడు ఈ వైపు పైకి సాగి కోడిగుడ్డులా ఉంది. స్నానాలగది వైపు చూడండి, కిందికి సాగి ఉంటుంది. బోల్టు ముందు చివర బరువుకు కిందికి వంగింది, వెనక చివర పైకి లేచింది, తెడ్డు వేసినప్పుడు దాని రెండు కొసల్లాగ. నట్టు ఉన్నంతకాలం ఆ కదలికను బిళ్ళ ఆపింది. నట్టు పోయాక కూడా బోల్టు వెంటనే జారదు. రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. కుళాయి తిప్పినప్పుడల్లా, తలుపు వేసినప్పుడల్లా ఒక వెంట్రుకవాసి కదులుతుంది. బ్లాకును కొంచెం కొంచెంగా నూరుతుంది. ఒక్కసారిగా ఊడితే రంధ్రం అంచు పెచ్చులు లేచి ఉండాలి. మీ వేలు పెట్టి చూడండి."

అవినాష్ వేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు. ఆయన మంచి ఇంజనీరు. అదే ఆయన దురదృష్టం.

"నున్నగా ఉంది," అన్నాడు చివరికి.

"రుబ్బురోలులా. ఇది ఒక్క వేకువలో జరిగే పని కాదు."

"ఎన్ని రోజులు పట్టింది?" అని ఎస్సై అడిగాడు.

"గోడ చెప్పదు. గది ఊడ్చినవాళ్ళు చెబుతారు."

గున్నయ్య భార్య పైడమ్మ తన వాకిట్లో దీపం పక్కన కూర్చుని ఉంది. ఈ మూడు రోజుల్లో ఆమె ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదట. కీళ్ళనొప్పుల మనిషి, ఆ గీజరు కొన్నది ఆమె మోకాళ్ళ కోసమే. భాను ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మా, స్నానాలగది ఊడ్చేది మీరేనా?"

"నానే."

"ఈమధ్య అక్కడ తెల్లటి పొడి రాలిందా?"

పైడమ్మ దీపంలో వత్తి సర్దింది. "రాలింది. ముగ్గుపిండిలాగ. సీమలు తవ్వినాయనుకున్నాను. తుడిసీసినాను."

"మొదటిసారి ఎప్పుడు చూశారు?"

"లచ్చివారం పొద్దున్న."

"బుధవారం లేదూ?"

"నేదు. బుదారం నాను గది కడిగినాను. అప్పుడు నేదు."

భాను లేచి నిలబడింది. కథానాయకులు ఇలాంటి క్షణంలో గదంతా కలయజూస్తారని ఆమెకు తెలుసు. ఆమె కూడా చూసింది, కాకపోతే కాలు తిమ్మిరెక్కడం వల్ల గోడ పట్టుకుని చూసింది.

"ఎస్సైగారూ, పొడి మొదలైంది గురువారం. కనుక నట్లు పోయింది బుధవారం. బుధవారం అప్పన్న ఎక్కడున్నాడు?"

"పలాసలో," అంది ధనలక్ష్మి, ఎస్సై కంటే ముందు. "పొద్దున్న బస్సుకి ఎల్లినాం, దీపాలేళకి ఒచ్చినాం. ఆసుపత్రి రిజిస్టర్లో ఉంటాది. ఒచ్చినాక ఆ మనిషి మంచం మీంచి లెగనేదు, నాను పక్కనే ఉన్నాను."

ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయనలో ఏదో సడలింది. కాని అవినాష్‌లో ఏదో బిగిసింది. ఓడిన వాదాన్ని వదిలి కొత్తది ఎత్తుకోవడంలో ఆయన వేగం శ్లాఘనీయం.

"ఒప్పుకున్నాను. అప్పన్న కాదు. మరి మీరు లేనప్పుడు కొట్టు తాళం ఎవరి దగ్గర ఉంటుందమ్మా?"

ధనలక్ష్మి తోడికోడలి వైపు చూసింది. చూసినందుకు వెంటనే నాలిక కరుచుకున్నట్టు తల దించుకుంది.

"మగోళ్ళకి మాటల్లేవు గానీ మాకేటి," అంది. "మా అప్ప కాడే పెట్టి ఎల్తాను."

"అంటే తాళంచెవి ఈవిడ దగ్గర. కొబ్బరినూనె ఏ ఇంట్లోనైనా ఉంటుంది. పొడి రాలుతుంటే మూడు రోజులు ఊడ్చి, మొగుడికి ఒక్క మాట చెప్పలేదు." అవినాష్ గొంతులో క్రౌర్యం లేదు; లెక్క సరిపోయిన తృప్తి మాత్రమే ఉంది. "ఎస్సైగారూ, మీ జీపులో చోటు ఖాళీగా పోనక్కరలేదు."

పైడమ్మ కదలలేదు. కాదనలేదు. ఎస్సై నెమ్మదిగా ఆమె వైపు నడిచాడు. భానుకు ఆ క్షణంలో తన తెలివి మీద అసహ్యం కలిగింది. ఒక మనిషిని విడిపించడానికి తాను పేర్చిన వాదం నేరుగా ఇంకొక మనిషి గుమ్మంలోకి దారి తీసింది.

అప్పుడు అప్పన్న గోడ విడిచి ముందుకు వచ్చాడు. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడితే దాన్ని కుడిచేత్తో పక్కకు నెట్టాడు.

"మా వొదిన మీద ఎయ్యకండి బాబూ. నానే తీసినాను."

"బుధవారం నువ్వు పలాసలో ఉన్నావు," అన్నాడు ఎస్సై.

"ఒచ్చినాక తీసినాను. రేత్రి. రాసుకోండి. నన్నే ఎట్టుకుపొండి."

"రేపు నీ మిషను ఎలా మరి?"

"అదెలాగూ ఎన్నాళ్ళో నేదు కదా బాబూ. మా అమ్మ పోయినాక నాకు అన్నం ఎట్టింది మా వొదినే. జీపు ఎక్కుతాను. పదండి."

అతడు నిజంగానే జీపు వైపు నాలుగు అడుగులు వేశాడు. నడక తూలింది. భాను పైడమ్మ మొహం వైపే చూస్తోంది. ఆ మొహంలో మూడు రోజులుగా బిగించి ఉన్నదేదో వదులైంది.

"ఆగరా అప్పన్నా," అంది పైడమ్మ.

మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె భుజం మీద గున్నయ్య విసురువల ఉంది. ఇప్పటిలా వేట నిషేధం రోజుల్లో బోట్లు ఒడ్డుకెక్కితే, మగవాళ్ళు అలాంటి వలలు బాగుచేసుకుని పేట పక్కన పారే గెడ్డలో నాలుగు చేపల కోసం విసురుతారు. ఆమె దాన్ని వాకిట్లో పరిచి, అంచు పట్టుకుని, వల మునగడానికి కట్టిన సీసపు గుళ్ళను ఒక్కొక్కటే వేలితో జరుపుతూ వచ్చింది. సీసం, సీసం, సీసం. తరువాత ఇనుము.

నాలుగు నట్లు. నైలాను దారంతో, చక్కటి ముడులతో, ఎడం ఎడంగా కట్టి ఉన్నాయి.

అవినాష్ వంగి, జేబులోంచి బోల్టు తీసి, వలకు కట్టి ఉన్న నట్టులోకి దాని చివర పెట్టి తిప్పాడు. అది వెన్నలో వేలిలా దిగింది. ఆయన దాన్ని మళ్ళీ తిప్పి బయటికి తీశాడు. తన చేతి రుమాలు తీసి, నట్టు మీద పడిన తన వేలి మరకను తుడిచాడు. అది పరిశోధకుడు చేయవలసిన పని కాదు.

"గుళ్ళు ఊడిపోయినాయి," అంది పైడమ్మ. "కొత్తవి కొనుక్కోమన్నాను. బుదారం నాడు ఆయన నా కాడి తాళంచెవి ఎట్టుకుని కొట్లోకి ఎల్లినాడు, తమ్ముడి సొత్తు ఏటేటి ఉందో సూడ్డానికి. తాళ్ళు తగిలించుకోడానికి తమ్ముడు గోడకి నట్లు బిగించుకున్నాడే, ఈడికి మేకుల్లేవేటి, అని నవ్వుకుంటా తెచ్చీసినాడు."

"అవి తన గీజరువని తెలియదా?" అన్నాడు ఎస్సై.

"ఎలాగ తెలుత్తాది బాబూ. గీజరు పెట్టిన రోజు ఆయన సముద్రం మీద యేటలో ఉన్నాడు. ఈపక్క బోల్టు తలకాయ సూసినాడు, ఆపక్క నట్టు సూసినాడు. రెండూ ఒకటేనని ఆయనకి ఎవులు సెప్పినారు. పాతింట్లో ఉన్నన్నాళ్ళూ మా గోడ మాదే, ఆళ్ళ గోడ ఆళ్ళదే."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం మీ కానిస్టేబులు నట్లు నేవు నట్లు నేవు అని ఎతుకుతున్నప్పుడు. లోనికెళ్ళి వల సూసినాను." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కాని ఏడవలేదు. "ఎవులో సంపీసినారంటే ఊరంతా ఒచ్చి కూకుంటారు. తమ్ముడి కాడ నాలుగు నట్లు దొంగిలించి సచ్చిపోయినాడంటే, నవ్వుతారు. మూడు రోజులు నోరు మూసుకున్నాను. పెద్దకర్మం అయిపోతే సెప్పేద్దుననుకున్నాను. రేపు ఈడికి మిషను అన్న సంగతి నా బుర్రకి ఎక్కనేదమ్మా."

ఎస్సై తిరుమల టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. కానిస్టేబుల్ అప్పన్న పక్కనుంచి తప్పుకున్నాడు. ఇంత పెద్ద కేసు అంత చిన్న కదలికతో ముగిసింది.

"రేపు బస్సుకి వెళ్ళిపో," అన్నాడు ఎస్సై. "కాగితాలు నేను చూసుకుంటాను. ప్రమాదం అని రాస్తాను. నట్లు ఎవరు తీశారో పేట దాకా రానవసరం లేదు."

"దుకాణానికి మీరేం రాస్తారు?" అని భాను అవినాష్‌ను అడిగింది.

"బిగింపులో లోపం లేదని," అన్నాడు ఆయన. "అంతవరకే."

అప్పన్న జీపు దగ్గరనుంచి తిరిగి వచ్చాడు. వల పక్కన గొంతుక్కూర్చున్నాడు. మంచి చేతితో ఒక నట్టును అరచేతిలో పెట్టుకుని, తూకం చూస్తున్నట్టు ఎగరేశాడు. ఏడాదిగా అన్నతో మాట్లాడని మనిషి, ఇప్పుడు అన్న వేసిన ముడిని బొటనవేలితో తడిమాడు. అందరూ అతడు ఏడుస్తాడని ఎదురుచూశారు.

"ఈ వల ఏసినాడా వొదినా?" అన్నాడు.

"ఏసినాడు. శుక్కురారం సాయంత్రం, గెడ్డలో. ఒక్కసారి."

"ఏటి పడ్డాది?"

"పీత," అంది పైడమ్మ. "సిన్నదని ఒగ్గీసినాడు."